తప్పు లేని జోలపాట

ముందే ఒప్పేసుకుంటాను. పంచవర్ణం అత్తకు నేనొక దొంగపాట అంటగట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, వసారాలో చాప మీద ఒక కునుకు తీసి లేచింది. నేను కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. "అత్తా, నిద్దరలో పాడితివి. నేను రాసుకొంటిని" అన్నాను. పచ్చి అబద్ధం. ఆ పాట రాసింది నా ఫోను. ఆడపిల్లకు జోలపాట కావాలని అడిగితే నిమిషం లోపల పన్నెండు లైన్లు ఇచ్చింది. నేను వాటిని నా చేత్తో కాగితం మీద దింపాను, నమ్మకం కుదరడానికి నడుమ రెండు కొట్టివేతలు కూడా పెట్టాను.

ఇలాంటివి నాకు కొత్త కాదు. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. బాగుకు వచ్చిన ఫోనులో రింగ్‌టోను తీసేసి మేక అరుపు పెట్టి పంపిస్తుంటాను. జనం తిరిగొచ్చి తిడతారు, తిడుతూనే నవ్వుతారు, పోతారు. ఈసారి అలా జరగలేదు.

"నేనా? నేనా పాడితి?" అని అత్త రెండుసార్లు అడిగింది. మోకాళ్ళ మీద ముందుకు జరిగి, "మల్లా చదువురా" అంది. ఆ రెండోసారి చదువుతున్నప్పుడు ఆమె ముఖం చూసి ఉంటే నేను అక్కడే కాగితం చింపేసి ఉండేవాణ్ణి. నేను చూడలేదు, చదవడంలో మునిగి ఉన్నాను.

"చందమామ ఉండాది. ముత్యం ఉండాది. బంగారుబొమ్మ ఉండాది" అంది అత్త నెమ్మదిగా. "తప్పేడరా?"

"ఏం తప్పు అత్తా?"

"బిడ్డ తప్పు. నా పాటలో బిడ్డకి ఒక తప్పు ఉండాల కదరా. దీంట్లో ఒగటీ లేదు. ఇది నాది కాదు."

నోరు తెరిస్తే ఊరంతటినీ తిట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. చాప చుట్టి లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు కూడా రాలేదు.

అత్తకు యాభై తొమ్మిదేళ్ళు. నాకు రక్తసంబంధం కాదు, మా వీధిలో అందరికీ అత్తే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం అన్నది మా అందరి పద్ధతి. తెలుగు అక్షరాలు మాకు బడిలో ఎవరూ నేర్పలేదు. నేను ఫోనులో చూసి నేర్చుకున్నాను. నేర్చుకుని మొట్టమొదట రాసుకున్నది అత్త నా మీద కట్టిన పాట.

అత్త పన్నెండో ఏట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూర్చుంది. పని ఏమిటంటే, సన్న గాళ్ళున్న చెక్కపలక ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల పేర్చడం. పలక నిండితే దాని మీద ఇంకొకటి, అలా చట్రం నిండేదాకా. నిండిన చట్రాన్ని తీసుకుపోయి పుల్లల తలలను మందులో ముంచుతారు. వినడానికి ఇంతే. అత్త చేతులు మాత్రం ఆ పనిని చూడకుండా చేసేవి. పిడికెడు పుల్లలు తీస్తే, బొటనవేలు వాటిని దులుపుకుంటూ పోయేది, పుల్లలు తమంతట తామే గాళ్ళలోకి దూకుతున్నట్టుండేది. అత్త కళ్ళు ఎదురుగోడ మీద ఎక్కడో ఉండేవి. మనసు ఇంకెక్కడో ఉండేది. అక్కడినుంచే పాట వచ్చేది.

మా వీధిలో ఏ బిడ్డ పుట్టినా అత్త ఒక కొత్త తాలాట్టు కట్టేది. తాలాట్టంటే జోలపాట. ఒకరిది ఇంకొకరికి పాడకూడదు. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజున మొదటిసారి వినిపించాలి. ప్రతి పాటలోనూ ఆ బిడ్డ తప్పు ఒకటి తప్పకుండా ఉండాలి. దిష్టికని. ఒట్టి పొగడ్తే పాడితే ఊరి కన్నంతా బిడ్డ మీదే పడుతుందని అత్త భయం. అందుకని పొగిడినట్టే పొగిడి నడుమ ఒక చురక పెట్టేది. నా పాట ఇది:

జోజో ఇసక్కీ జోజోరా
సాత్తూరు బస్సు హారనురా
నీ ఏడుపింటే నక్కలు పారె
నీయమ్మ నిద్దర యాడకు పోయె
మూయర నోరూ ముద్దులయ్యా
మూస్తే లోకం బతుకునయ్యా

పుట్టి ముప్పై రోజులైన బిడ్డ మీద వేయాల్సిన నిందేనా ఇది? ఇప్పటికీ వీధిలో నేను గట్టిగా మాట్లాడితే ఎవరో ఒక ముసలమ్మ "మూయర నోరూ" అని రాగం తీస్తుంది.

ఇలా నలభై ఒక్క పాటలు. ఒక్కటి కూడా కాగితం మీద లేదు. అత్తకు చదువు రాదు.

మూడేళ్ళ కింద ఫ్యాక్టరీకి పెద్ద మెషిన్ వచ్చింది. పుల్లలు పేర్చడం, ముంచడం, ఆరబెట్టడం, పెట్టెల్లో నింపడం అన్నీ అదే చేస్తుంది. చేత్తో పేర్చే ఆడవాళ్ళలో చాలామంది మానుకున్నారు. అత్తను మాత్రం మెషిన్ చివర నిలబెట్టారు. పెట్టెలు వరసగా వస్తుంటాయి. నలిగినవీ సగమే నిండినవీ ఏరి పక్కన పడేయాలి. ఒక్క రెప్పపాటు చూపు పక్కకు పోతే నాలుగు పెట్టెలు దాటిపోతాయి. పక్కవాళ్ళతో మాట్లాడటానికి కూడా లేదు.

పాటలు ఆగిపోయాయి. అత్త ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసిన విధం వేరు.

మా ఎదురింటి వళ్ళికి కొడుకు పుట్టాడు. ఉయ్యాల రోజున అత్త పాడింది, అందరూ బాగుందన్నారు. నేను మాత్రం బిడ్డ తలకాయ వైపు చూశాను. గుండు. ఒక్క వెంట్రుక లేదు. పాటలో ఏమో "ఎలుగొడ్డు జుట్టు నాయన" అని తిట్టు. అది వసంతకుమార్ పాట. వాడిప్పుడు కాలేజీలో చదువుతున్నాడు, ఆ ఎలుగొడ్డు జుట్టుతోనే. పేరు మాత్రం మార్చి పాడేసింది.

సాయంత్రం పోయి అడిగాను. "ఏమత్తా, గుండోడికి జుట్టు మొలిపించితివి?"

"నోరు మూసుకో. ఎవురికీ చెప్పొద్దు."

"ఏంటికి చేస్తివి అత్తా?"

అత్త కొంగు చివర పట్టుకుని బొటనవేలితో దులుపుతోంది, లేని పుల్లల్ని లేని గాళ్ళలో వేస్తున్నట్టు. ఆ అలవాటు నేను అంతకుముందే గమనించాను. బస్సు కోసం నిలబడ్డప్పుడూ, రేషన్ వరసలోనూ ఆ వేళ్ళు అలాగే కదులుతుంటాయి.

"రాలేదురా" అంది చివరికి. "ముందంతా నేను పిలిచేది లేదు. కూర్చుంటే అదే వచ్చేది. ఇప్పుడు పిలస్తా ఉండాను, రాలే. సచ్చిపోయిన వాళ్ళని పిలిచే మాదిరి ఉండాది."

నేను ఆ రోజు మేకలా అరిచి కూడా ఆమెను నవ్వించలేకపోయాను.

అప్పుడు అత్త కూతురు సంగవి కడుపుతో ఉంది. సంగవిని విరుదునగర్‌లో ఇచ్చారు. సంగవి పాట అత్త కట్టిన మొదటి పాట. కడుపుతో ఉండి చట్రం పేరుస్తున్నప్పుడే సగం వచ్చేసిందట, బిడ్డ కడుపులో తంతున్న తాళానికి. ఆ పాట లేకుండా సంగవి పదేళ్ళదాకా నిద్రపోయేది కాదు. పెళ్ళై పోయేరోజు బస్సెక్కేముందు కూడా తల్లి చేత పాడించుకుని ఎక్కింది. ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చిన రోజు అత్త వీధంతా చక్కెర పంచింది. సంగవి రోజూ సాయంత్రం ఫోను చేసేది. పసిదాని సంగతులన్నీ చెప్పి, చివర అడిగే మాట మాత్రం ఒకటే: "వచ్చిందామ్మా?"

"వస్తా ఉండాదిమ్మా" అనేది అత్త. ఫోను పెట్టేశాక స్క్రీను ఆరిపోయేదాకా దానివైపే చూసేది.

ముప్పైయో రోజు ఉయ్యాల. ఇంకా పద్దెనిమిది రోజులుంది.

నేను పదో తరగతితో చదువు మానేసినవాణ్ణి. అయినా ఏదైనా తెలుసుకోవాలంటే పూనకం వస్తుంది నాకు. ఆ వారం కొట్టులో ఫోన్లు పక్కన పడేసి మెదడు గురించి చదివాను. మెదడుకు ఎదురుగా పని లేనప్పుడు అది ఊరికే ఉండదట. కొన్ని చోట్లు కలిసి పాత జ్ఞాపకాలను, రేపటి ఊహలను తిరగేసుకుంటూ తిరుగుతుంటాయట. కొత్త ఆలోచనలో ఆ తిరుగుడుకూ వాటా ఉందంటున్నారు. చెయ్యి అలవాటు పనిలో ఉంటే మనసుకు సెలవు. ఒక పరీక్షలో విద్యార్థులకు చిక్కు ప్రశ్నలిచ్చి, నడుమ కొందరికి తేలికపని, కొందరికి కష్టమైన పని ఇచ్చారు. తేలికపని చేసినవాళ్ళకే తరవాత ఎక్కువ ఉపాయాలు తట్టాయి. ఇంకొందరు మళ్ళీ చేస్తే అలా రాలేదని కూడా ఉంది, అది నేను దాచను. అప్పటికప్పుడు రాగం అల్లే వాయిద్యగాళ్ళను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి చూసిన వాళ్ళున్నారు. అల్లేటప్పుడు నుదుటి వెనక, తప్పొప్పులు చూసుకునే చోట కొంత సద్దు తగ్గిందట.

నాకు లెక్క తేలిపోయిందనుకున్నాను. నలభై ఏళ్ళు అత్త చేతులకు తేలికపని, మనసుకు సెలవు. ఇప్పుడేమో రోజంతా తప్పుపెట్టెలు ఏరే పని. నుదుటి వెనక కాపలావాడికి క్షణం విశ్రాంతి లేదు.

పరుగున పోయి చెప్పాను. మెదడును మేం మూళ అంటాం, పనిని వేల అంటాం. "అత్తా, పాట యాడికీ పోలేదు. నీ మూళలోనే ఉండాది. చెయ్యికి వేల ఇస్తే వచ్చేస్తుంది."

"మూళలో ఉండాదా? అయితే నీకు రాదులే" అంది అత్త. కానీ ఒప్పుకుంది. ఆశ అలాంటిది.

మొదలుపెట్టాను. ఒకరోజు చిన్నుల్లి ఒలిపించాను. ఒకరోజు మల్లెపూలు కట్టించాను. ఒకరోజు కందిపప్పులో రాళ్ళు ఏరించాను. ప్రతిసారీ నేను ఎదురుగా నోటు పుస్తకం, పెన్ను, రికార్డింగు నొక్కిన ఫోనుతో కూర్చునేవాణ్ణి. అయిదు నిమిషాలకోసారి "వచ్చిందా అత్తా?" అనేవాణ్ణి. ఉల్లిపాయల రోజు ఇద్దరం ఏడ్చాం, అంతే లాభం. అలా పద్దెనిమిదిలో పన్నెండు రోజులు అయిపోయాయి. సంగవి ఫోనులో "వచ్చిందామ్మా" అనడం మానేసింది. అడగకపోవడమే అత్తకు ఎక్కువ నొప్పి. అప్పుడే నాకు దొంగపాట బుద్ధి పుట్టింది.

ఆ తరవాత రెండు రోజులు అత్త నాతో మాట్లాడలేదు. మూడోరోజు నేను ఒట్టపిడారం రోడ్డులో మూసేసిన పాత యూనిట్‌కు పోయాను. అక్కడి కాపలాదారు అళగర్‌సామి పాత చట్రాలను విరిచి నీళ్ళు కాచుకుంటున్నాడు. నేను పోయేసరికి విరగనిది ఒకటే మిగిలింది. ఆయన ఫోనుకు కొత్త స్క్రీను వేసిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. మేక అరుపు పెట్టలేదు. సాత్తూరు స్నేహితుడి దగ్గర మందు ముంచని పుల్లలు ఒక సంచి అడిగి తెచ్చాను. తెల్లారి అత్త గడప ముందు పెట్టి, పక్కన నిలబడ్డాను.

అత్త చట్రాన్ని చూసింది. కూర్చుంది. మొదటి పలకను ఒళ్ళోకి తీసుకుని అరచేత్తో ఒకసారి నిమిరింది. పుల్లలు పిడికిట్లోకి తీసుకుంది. మూడేళ్ళ తరవాత కూడా బొటనవేలు ఏమీ మరిచిపోలేదు. ఒక పలక, ఇంకొక పలక. కళ్ళు గోడ మీదికి పోయాయి. నేను మెల్లగా జేబులోంచి ఫోను తీశాను.

అత్త చేతులు ఆగిపోయాయి.

"నీవు ఆ మెషిన్‌కి తమ్ముడివిరా" అంది. "అది నేను తప్పు చేస్తానా అని చూస్తుంది. నీవు పాట వస్తుందా అని చూస్తా ఉండావు. ఎట్ల వస్తుంది?"

చట్రం మాత్రం తిరిగివ్వలేదు. మిగిలిన రెండు రోజులూ ఫ్యాక్టరీ నుంచి రాగానే దానితో కూర్చునేది, నిండగానే పుల్లలన్నీ దులిపేసి మళ్ళీ మొదలుపెట్టేది. పాట రాలేదు. కానీ బస్టాపులో ఆ వేళ్ళు కొంచెం నెమ్మదించాయి.

ఉయ్యాల రోజు ఉదయం ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. అత్త కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచిలో బిడ్డకు కొత్త గౌను, వెండి మొలతాడు. సాత్తూరు దాటాక అంది: "ఇసక్కీ, సంగవి పాటే పాడేస్తా. అమ్మ పాట బిడ్డకొచ్చె అంటే ఎవురేమంటారు?"

"ఎవురూ ఏమనరత్తా."

"సంగవి అంటుంది. నోటితో అనదు." ఒళ్ళో సంచి సర్దుకుని, "దానికి నేను ఇచ్చేది ఇదొగటే ఉండెరా" అని కిటికీ వైపు తిరిగిపోయింది. బయట అంతా నల్లరేగడి, వాన కోసం దున్ని పెట్టిన చేలు. అత్త అటే చూస్తూ ఉంది, చూస్తున్నట్టు మాత్రం లేదు.

సంగవి ఇల్లు చిన్నది. ఇంటి నిండా చుట్టాలు. సంగవి అత్తగారు మారియమ్మాళ్ మాకు కాఫీ ఇచ్చి, "వదినే, నీ పాటకే అందరూ కాచుకోని ఉండారు" అంది సంతోషంగా. పంచవర్ణం అత్త ముఖం తెల్లబోయింది. బిడ్డను ఎత్తుకుని ముద్దుపెట్టి, సంగవి చేతికిచ్చి, కూతురి కళ్ళలోకి చూడకుండా పెరటి వసారాలోకి పోయింది. అక్కడ మధ్యాహ్నం సాంబారుకని చేటలో కందిపప్పు పోసి పెట్టారు. అత్త దాన్ని లాక్కుని రాళ్ళు ఏరడానికి కూర్చుంది. నేనూ పోయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఏమిరా చూస్తావు? లేయ్. పోయి అరిటాకులు తే."

"ఆకులు తెచ్చి పెట్టుండారు అత్తా."

"చాలవు. ఇంకా తే. మార్కెట్టుదాకా పోయి తే."

పోయాను. మార్కెట్టులో ఆకుల కట్ట కొని, తిరిగి వస్తూ ఒక వీధి తప్పి, పప్పుల గోడౌన్ల మధ్య లారీల వెనక ఇరుక్కుని, మొత్తం మీద అరగంట తరవాత ఇల్లు చేరాను. ముందుగది ఖాళీ. జనమంతా పెరటి తలుపు దగ్గర గుమిగూడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. భుజాల మీదుగా తొంగి చూశాను.

వసారా దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. అది నేను పోయాక కట్టారట. ఉయ్యాల తాడు చివర అత్త కాలి బొటనవేలికి చుట్టుకుని ఉంది. ఒళ్ళో చేట అలాగే ఉంది. చేతులు పప్పులోనే ఉన్నాయి. బిడ్డ నిద్రపోతోంది. గోడకు ఆనుకుని కూర్చున్న సంగవి చెంపలు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

అయిపోయింది. నేను రాకముందే అయిపోయింది.

జరిగింది మారియమ్మాళ్ చెప్పింది. లోపల జనం సందడికి బిడ్డ ఏడుపు ఆపలేదట. గాలి తగులుతుందని సంగవి పెరట్లోకి తెచ్చి, అక్కడే చీర కట్టించి పడుకోబెట్టిందట. రెండు చేతులూ పప్పులో ఉన్నాయని అత్త తాడు కాలికి చుట్టుకుని ఊపిందట. ఏరుతూ ఏరుతూ ఏదో గొణిగిందట. తాను పాడుతున్నట్టు అత్తకే తెలియలేదేమో అంది మారియమ్మాళ్. బిడ్డ పుట్టినప్పటినుంచీ ఎడమ పిడికిలి తెరవదట, స్నానంలో కూడా.

"దానికేరా తిట్టు! 'ఏం దొంగిలించి వస్తివే, ఎడమ చేయి తెరవవే' అని మొదలుపెట్టె. అవతల ఏమో... రొంబ బాగుండె. అంతా గుర్తులేదు నాయనా."

"ఎవురన్నా రికార్డు చేస్తిరా?"

ఎవరూ చేయలేదు. అన్ని ఫోన్లున్న ఇంట్లో ఒక్కరూ చేయలేదు. నలభై రెండో పాటలో నాకు దక్కింది ఒక్క లైను.

భోజనాలయ్యాక అత్త దగ్గరికి పోయాను. ఆకుల కట్ట ఇంకా విప్పకుండా మూలన పడి ఉంది. అత్త ఒళ్ళో బిడ్డ. పిడికిలి ఇంకా మూసే ఉంది, అత్త దాన్ని తెరవడానికి చూడకుండా పైపైన నిమురుతోంది.

"చూస్తివా అత్తా" అన్నాను, గొంతులో దిగులు కనపడకుండా. "నేను చెప్పినట్టే ఆయె. చెయ్యి వేలలో ఉండె, మూళకి సెలవు దొరికె, పాట వచ్చె. నా లెక్క తప్పలేదు. మల్లా ఒక్కసారి పాడు, రాసుకొంటా."

అత్త తల ఎత్తింది. దొంగపాట చదివిన ఆదివారం నుంచీ నాకు బాకీ ఉన్న చూపు అది.

"ఇరవైమూడేండ్ల కింద నీ పాటలో ఏమని పాడితి? నోరు మూయరా అని. ఈపొద్దు గదరా అరగంట మూసుకోని దూరంగా ఉంటివి? అదే వచ్చేసె."